చొక్కా అట్ట మీద ఉప్పలమ్మ

కొందరి చెయ్యి ఊరికే ఉండదు. గోళ్లు గిల్లుకుంటారు, గడ్డం గోక్కుంటారు, బస్సులో ముందు సీటు వెనక తమ పేరు చెక్కుకుంటారు. కృపాకర్ చెయ్యి బొమ్మలు గీసేది. ఆత్మకూర్ (ఎస్) బడిలో లెక్కల సారు ముక్కును నల్లబల్ల మీద గీసి ఆ సారు చేతనే బెత్తం దెబ్బలు తిన్నాడు. తింటూ కూడా, కొట్టేటప్పుడు సారు పెదవి ఏ పక్కకు వంకరపోతున్నదో చూసి పెట్టుకున్నాడు. ఇట్లాంటివాడు పత్రికలో కార్టూనిస్టు అన్నా కావాలి, చెయ్యి కట్టేసుకుని బుద్ధిగా ఇంకో పని అన్నా చేసుకోవాలి. కృపాకర్ మొదటిదాని కోసం ఎదురుచూస్తూ రెండోదాంట్లో చేరాడు. చేరినవాడు చేరినట్టే ఉండిపోయాడు.

అతని బొమ్మ అచ్చయింది జీవితంలో ఒకే ఒక్కసారి. ఆ ఒక్క బొమ్మే అతన్ని సూర్యాపేటలో నిలవనియ్యలేదు, మిర్యాలగూడలో నిలవనియ్యలేదు, చివరికి కోదాడ దాకా వెంటపడి వచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు బట్టల కొట్టు సంగతి చెప్పాలి.

ఇంటర్ తప్పిన ఏడు తండ్రి లాజరు అతన్ని సూర్యాపేటలో రాందాస్ సేటు బట్టల కొట్లో పెట్టించాడు. లాజరు ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకరి పొలంలో నడుం వంచి పనిచేసినవాడు. "నా కొడుకు నీడపట్టున నిలబడి పని చేస్తడు" అని చర్చి కాడ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. నీడ సంగతి నిజమే. నిలబడటం ఎట్లా ఉంటుందో పాపం ఆయనకు తెలియదు. కొట్లో తెల్లదుప్పటి పరిచిన మెత్తటి పరుపులు కొనేవాళ్లకు. అమ్మేవాడు షట్టరు ఎత్తిన దగ్గర నుంచి దించేదాకా కూర్చోకూడదు. గిరాకీ లేకపోయినా కూర్చోకూడదు. కూర్చున్న సేల్స్‌మన్‌ని చూస్తే లక్ష్మి గడప దిగిపోతుందని రాందాస్ సేటు నమ్మకం. లక్ష్మి మాటేమో గానీ, సాయంత్రానికి కృపాకర్ పిక్కల్లో నరాలు తాళ్లలాగా ఉబ్బేవి.

కొట్లో పాతకాపు వీరేశం అతనికి పని నేర్పాడు.

"తమ్మీ, కొనేటోళ్ల మాటలు వినకు, చెయ్యి చూడు. బాగలేదు బాగలేదు అనుకుంట ఏ చీరె మీద చెయ్యి ఆపుతరో గదే కొంటరు. ఇగ నీ మొకం మీద నవ్వు మాత్రం చెదరొద్దు. ఇంట్ల శవం లేసినా సరే, గీడ నవ్వుకుంట నిలబడాలె" అన్నాడు.

చూడమన్నాడు కదా, కృపాకర్ చూశాడు. ఆ చూడటమే అతని కొంప ముంచింది. పెళ్లాం చీరలు చూస్తుంటే తాగొచ్చి పరుపు మీద గుర్రుపెట్టి నిద్రపోయిన మొగుణ్ని చూశాడు. ఆమె ఏరిన చీరలన్నీ వాడి పొట్ట మీదే పేర్చింది. చీర కొనడానికి ఒంటరిగా వచ్చిన ఒక రైతును, "మీ ఆమె ఏ రంగు ఉంటది?" అని అడిగితే, చొక్కా గుండీలు విప్పి "గింత నలుపు" అని తన ఛాతీ చూపించాడు. పెళ్లిళ్లలో చుట్టాలకు పెట్టుబడికని కొనే చౌక చీరలుంటాయి. వాటిని ఎవరూ కట్టరు, ఒకరింటి నుంచి ఇంకొకరింటికి పెట్టుకుంటూ పోతారు. ఆ చీర ఒకటి ఇల్లిల్లూ తిరిగి, మడతల్లో ఎవరెవరివో పసుపు బొట్లతో, మార్చి ఇమ్మని మళ్లీ ఈ కొట్టుకే వచ్చింది. ట్రయల్ రూములోకి పాత ప్యాంటుతో పోయిన పెద్దమనిషి కొత్తదాంతో వచ్చి, పాతదాన్ని దేవుడికి వదిలేసినట్టు అక్కడే వదిలేసి దర్జాగా నడిచిపోయాడు.

ఇవన్నీ కృపాకర్ అట్టల మీద గీసేవాడు. చొక్కాను మడతపెట్టి పెట్టెలో పెట్టేటప్పుడు లోపల ఒక తెల్లటి అట్ట ఉంటుంది కదా, అది. విప్పి చూపించిన చొక్కాల అట్టలు కొట్లో కుప్పలుగా పడి ఉండేవి. మధ్యాహ్నం గిరాకీ తగ్గినప్పుడు మూలన నిలబడి గీసి, ఇంటికి పోయాక కాగితం మీద దించి, వారపత్రికలకు పోస్టు చేసేవాడు. అవి బుద్ధిగా తిరిగివచ్చేవి. పంపిన కవరు మడత కూడా చెదరకుండా వచ్చేవి. ఒక్కటి, ఒకే ఒక్కటి అచ్చయితే చాలు, ఈ నిలబడటానికి ఒక అర్థం ఉంటుందనుకునేవాడు. రాత్రిళ్లు పిక్కలకు నూనె రాసుకుంటుంటే ఏడుపొచ్చేది.

అట్లా ఉన్నప్పుడు, 2003 ఎండాకాలం, ఉప్పలమ్మ వచ్చింది.

తుంగతుర్తి అవతలి పల్లె ఆమెది. గొర్రెల మంద ఉన్న ఇల్లు. భుజం మీద మడిచిన గొంగడి, చేతులకు వెండి కడియాలు, గుండ్రటి ముక్కుపుల్ల, ముందు రెండు పళ్లు లేవు. వెంట పెద్దకొడుకు మంగయ్య. కావలసింది ఒక్క చీర. ఆ ఒక్క చీరకు ఆమె కొట్టంతా దింపించింది. బొటనవేలికి ఉమ్మి తడి చేసి రంగు మీద రుద్దింది. అంచు కొరికింది. దారం ఒకటి లాగి వాసన చూసింది. చూసే ఓపిక పోయి మంగయ్య బయట టీ తాగడానికి పోయాడు.

"అవ్వా, ఒక్క చీరెకు గింత చూస్తవా?" అన్నాడు కృపాకర్.

"గొర్రెను కొంటే పండ్లు చూడకుండ కొంటమా బిడ్డా? చీరెను గూడ అంతే. ఇంక లోపలున్నయి తియ్యరాదు."

తీశాడు. ఇంకా తీశాడు. ఆమె చుట్టూ చీరలు గుట్టగా లేచాయి. చివరికి ఆమె కొన్నది అతను మొట్టమొదట చూపించిన ఆకుపచ్చ చీరనే. లేస్తూ లేస్తూ అతని ముఖంలోకి చూసి, "కాళ్లు గుంజుతున్నయా బిడ్డా? జర కూసో" అంది. ఆ కొట్లో అతన్ని కూర్చోమన్న మనిషి ఆమె ఒక్కతే. సేటు చూస్తున్నాడని అతను కూర్చోలేదు.

అంత మంచి మాట అన్న మనిషిని ఆ మధ్యాహ్నమే బొమ్మ గీశాడు. గీయకుండా ఉండలేకపోయాడు. చీరల గుట్ట, దాని కొనమీద గొంగడి కప్పుకుని, కర్ర ఎత్తి, బొచ్చెడంత నోరు తెరిచిన ఉప్పలమ్మ. ముక్కుపుల్లను బండి చక్రమంత చేశాడు. గుట్ట కింద సేల్స్‌మన్లు, మెడల్లో టేపులు వేసుకున్న గొర్రెలు. అన్నిటికంటే బక్క గొర్రె తనే. కింద "ఇంక లోపలున్నయి తియ్యరాదు బిడ్డా!" అని రాశాడు. వెనక గోడ మీద రాందాస్ సేటు కొట్టు బోర్డు కూడా గీశాడు.

అచ్చయింది.

బస్టాండు పుస్తకాల బండి దగ్గర పేజీ తిప్పి చూసుకుని, కృపాకర్ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. వీరేశం కొట్లో అందరికీ చూపించాడు. సేటు కళ్లద్దాలు తుడుచుకుని బొమ్మ చూడలేదు, బోర్డు చూశాడు. "నా కొట్టు పేరు పేపర్లెక్కిందిర!" అని మురిసిపోయి, ఆ పేజీ చింపించి, అద్దాల తలుపుకు లోపలి నుంచి, బయటికి కనబడేటట్టు అంటించాడు. వచ్చేవాళ్లు ఆగి, చూసి, నవ్వుకుంటూ లోపలికి వచ్చేవారు. ఆ కొద్ది రోజులూ కృపాకర్‌కు కాళ్లు నొప్పి పెట్టినట్టే గుర్తులేదు. ఇంక తను కూడా మనిషే అనుకున్నాడు.

మాఘమాసంలో ఉప్పలమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి కూతురి పెళ్లి బట్టలకు. డీసీఎం వ్యాన్ నిండా చుట్టాలతో వచ్చింది. ఎన్ని కొట్లున్నా వినకుండా ఆమే అందరినీ ఇక్కడికి తోలుకొచ్చిందట. "గా పిలగాడు ఇసుక్కోకుండ చూపిస్తడు" అని.

పెళ్లి గిరాకీ అంటే సేటు లేచి నిలబడతాడు. "తలుపు తియ్యి" అన్నాడు. కృపాకర్ పరుగెత్తి తలుపు పిడి పట్టుకున్నాడు. అద్దానికి ఇవతల అతను, అవతల ఉప్పలమ్మ. మధ్యలో ఆ కాగితం. ఆమె చదవలేదు. చదవాల్సిన పనేముంది? కడియాలు తనవి, గొంగడి తనది, ముక్కుపుల్ల తనది, లేని పళ్లు కూడా తనవే. పక్కనే అద్దంలో ఆమె నీడ కూడా కనబడుతున్నది. ఆమె బొమ్మను చూసింది, అద్దంలో తనను చూసుకుంది, మళ్లీ బొమ్మను చూసింది. ఆమె వెనక చుట్టాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో గుర్తుపట్టి పగలబడి నవ్వారు.

"మంగా, నా మొకం గిట్లుంటదా?" అంది, వెనక్కి తిరగకుండానే.

కొడుకు జవాబు చెప్పలేదు. అప్పుడు ఆమె ముఖం ఎట్లా అయిందో కృపాకర్ ఒక్కడే చూశాడు. మిగిలినవాళ్లంతా ఆమె వెనక ఉన్నారు. ఆమె కొంగు తీసి ముఖం మీద కప్పుకుని, మెట్టు దిగి, ఎదురుగా ఉన్న ఇంకో కొట్టు వైపు నడిచింది. చుట్టాలంతా ఆమె వెంట పోయారు.

కాగితం అంటించింది సేటు. గడప దాకా వచ్చిన పెళ్లి గిరాకీ పోయినందుకు తిట్లు తిన్నది కృపాకర్. "నీ బొమ్మలు నీ ఇంట్ల ఏసుకో పో!" అని సేటు ఆ పేజీని పీకి నలిపి రోడ్డు మీదికి విసిరాడు. ఆ సాయంత్రంతో సూర్యాపేటలో నీడపట్టు పని ఖతమైంది.

మిర్యాలగూడలో రెడీమేడ్ బట్టల షాపులో చేరాడు. బొమ్మలు గీయనని ఒట్టు పెట్టుకున్నాడు. రాణితో పెళ్లయింది. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్ కుట్టేది. మనిషి నెమ్మది, మాట సూటి. పెట్టె అడుగున పాత బొమ్మల కట్ట చూసి, "మంచిగున్నయి కదా, ఎందుకు బంద్ చేసినవ్?" అని అడిగింది. అతను కట్టను మళ్లీ పెట్టె అడుగున పెట్టేశాడు.

చెయ్యి కట్టేసుకున్నంత సులువు కాదు కన్ను కట్టేసుకోవడం. బొమ్మలు లోపల పుడుతూనే ఉన్నాయి, బయటికి పోయే దారి లేక ఊరుకున్నాయి. కొనేవాళ్ల ముందు నిలబడి చిలకలాగా అవే మాటలు అప్పజెప్పేవాడు. మనసు ఎక్కడో ఉండేది. దాని ఫలితం ఒకరోజు పొద్దున్నే వచ్చింది.

ఎవరైనా పోతే చుట్టాలు శవం మీద కప్పడానికి కొత్త బట్ట కొనుక్కుపోతారు. ఆ బట్టకు బేరం ఆడరు, ఏరుకోరు. చేతికందింది ఇచ్చి పంపాలి. పొద్దున్నే తలదువ్వుకోకుండా, చెప్పులు లేకుండా ఎవరైనా వస్తే పాత సేల్స్‌మన్లు అడగకుండానే గొంతు తగ్గించేస్తారు. ఆ రోజు ఇద్దరు అన్నదమ్ములు అట్లాగే వచ్చారు. "తెల్లది ఒకటియ్యి" అన్నాడు పెద్దవాడు.

కృపాకర్ అలవాటైన నవ్వు నవ్వాడు. "ఇంక లోపల మంచి మంచి వెరైటీలున్నయి అన్నా, చూపియ్యాల్నా?"

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని అతనికి చెంప పగిలాక తెలిసింది. "మా నాయిన శవం ఇంటి ముంగట ఉన్నదిర! వెరైటీలు చూపిస్తవా?" అని పెద్దవాడు కొట్టినవాడు కొట్టినట్టే ఏడ్చేశాడు. పక్కవాళ్లు పట్టుకుని ఆపారు. కొట్టినవాడి మీద కృపాకర్‌కు కోపం రాలేదు. దెబ్బ సరైన చోటే పడిందనిపించింది. షాపు యజమాని పనిలోంచి తియ్యడానికి సాయంత్రం దాకా కూడా ఆగలేదు.

ఆ మధ్యాహ్నం ఇంటికి పోయి, రాణి నీళ్లకు పోయిన సమయం చూసి బొమ్మల కట్ట చంకన పెట్టుకుని బస్సెక్కాడు. వేములపల్లి దగ్గర వంతెన కింద సాగర్ ఎడమ కాలువ నిండుగా పారుతున్నది. కట్ట విప్పకుండానే విసిరేశాడు. అది కాసేపు తేలి, తిరిగి, మునిగింది. వంతెన గోడ మీద చేతులు పెట్టుకుని, ఎంతసేపున్నాడో తెలియదు, నీళ్లలోకి చూస్తూ ఉండిపోయాడు. దాని వెంటే తనూ పోతే పీడ విరగడ కదా అనిపించింది. బొమ్మలు గీయడానికి పనికిరాలేదు, అమ్మడానికి పనికిరాలేదు, చివరికి ఒకరి చావుకు గుడ్డ చింపి ఇవ్వడానికి కూడా పనికిరాలేదు. వెనక నుంచి వడ్ల లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. ఉలిక్కిపడి గోడ వదిలాడు. ఇంటికి వచ్చేసరికి రాణి గుమ్మంలో నిలబడి ఉంది. పెట్టె ఖాళీగా ఉండటం ఆమె చూసింది. అన్నం పెట్టింది.

తరవాత కోదాడ. అక్కడ ధనలక్ష్మి మేడం షోరూమ్‌లో పని దొరకడమే గొప్ప. ఏసీ, మెరిసే గచ్చు, పైన కెమెరాలు, చీరలు కట్టిన నిలువెత్తు ప్లాస్టిక్ బొమ్మలు. మేడం మంచిదే గానీ రూలు అంటే రూలే. షోరూమ్ సరుకు మీద, డబ్బా మీద, అట్ట మీద పెన్ను గీత పడకూడదు. "చూడు కృపాకర్, నీ గురించి మిర్యాలగూడలో విన్నాను. ఇక్కడ మాత్రం ఏ గొడవా రాకూడదు. వచ్చిందంటే ఆ రోజే ఆఖరు. కస్టమరు ముందు నవ్వు ముఖ్యం, అర్థమైందా?" అంది మొదటిరోజే.

నవ్వాడు. ఏళ్ల తరబడి నవ్వాడు. ఒక ముసలాయన చీర కట్టిన బొమ్మకు దండం పెట్టి హుజూర్‌నగర్ బస్సు ఎన్నింటికి అని అడిగినప్పుడు షోరూమంతా నవ్వింది. కృపాకర్ కూడా పళ్లు చూపించాడు. లోపల మాత్రం ఏమీ కదల్లేదు. లోపల పుట్టే బొమ్మలు కూడా ఎప్పుడో ఆగిపోయాయని అప్పుడు తెలిసింది. మనిషి కాదు, ఆ ప్లాస్టిక్ బొమ్మల వరసలో తనూ ఒకటి. ఈ పని కూడా పోతే ఇంక పోవడానికి ఊరు లేదు. తండ్రి లాజరు మంచాన పడ్డాడు, రాణి కళ్లు సూదికి ఆనడం లేదు. అందుకని ప్రాణం ఉగ్గబట్టుకుని నిలబడేవాడు.

2012లో ఒక మధ్యాహ్నం, గుండు గీయించుకున్న మనిషి షోరూమ్‌లోకి వచ్చి, చీరలు చూడకుండా మనుషుల ముఖాలు చూడటం మొదలుపెట్టాడు. కృపాకర్ గుర్తుపట్టాడు. మంగయ్య. చీర కట్టిన బొమ్మ వెనక్కి తప్పుకున్నాడు. ఇన్నేళ్లకు కొట్టడానికి వచ్చాడనుకున్నాడు. మేడం పైన గదిలో కెమెరా ముందు కూర్చుని ఉంది. ఇక్కడ గొడవైతే అంతా అయిపోయినట్టే.

"తమ్మీ, కృపాకర్ అంటే నువ్వే కదా? సూర్యాపేటల వీరేశం చెప్పిండు, కోదాడల ఉన్నవని" అన్నాడు మంగయ్య దగ్గరికి వచ్చి. గొంతులో కోపం లేదు. "మా అవ్వ పోయింది."

కృపాకర్ బొమ్మ వెనక నుంచి ఇవతలికి వచ్చాడు.

"ఎల్లుండి దినాలు. ఫొటో పెట్టి దండ ఏద్దామంటే ఫొటో లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు తమ్మీ. గా నాటి సంది కెమెరా కనబడితే చాలు, కొంగు మొకం మీద కప్పుకునేది. మా చెల్లె పెండ్లి ఆల్బంల కొంగున్నది గని అవ్వ లేదు. రేషన్ కార్డు ఫొటో కాడ సారు కోపం చేస్తే తల ఎత్తింది, కార్డుల మొకం మసి మరకోలె వడ్డది." ఆగి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు గీసిన గా బొమ్మ ఉంటే ఇయ్యరాదు. పాత పేపర్లు కొనేటోళ్ల దగ్గర గూడ దేవులాడిన. దొరకలె."

ఎగతాళి చేసిన బొమ్మను దండ వేసుకోవడానికి అడుగుతున్నాడు. కృపాకర్ చేతిలోని చీరను కౌంటరు మీద పెట్టాడు. ఒకామె ముఖాన్ని భూమ్మీద లేకుండా చేసింది తనే. మిగిలిన ఆ ఒక్క ముఖాన్ని కాలువలో పడేసింది కూడా తనే.

"లేదన్నా. అన్నీ కాల్వల పడేసిన."

"అయితే ఏమాయె? గీసినోనివి నువ్వే కదా, మల్ల గియ్యి."

"నేను గీసుడు బంద్ చేసిన."

"నీ కాళ్లు మొక్కుత తమ్మీ. నువ్వు గియ్యకుంటే మా అవ్వ మొకం మా పిల్లలకు తెల్వదు."

కృపాకర్ పైకి చూశాడు. కెమెరా ఎర్రచుక్క వెలుగుతూ ఉంది. కౌంటరు మీద విప్పి పెట్టిన చొక్కా ఉంది, దాని అట్ట ఉంది. బిల్లు పెన్ను తీసుకున్నాడు.

ఈసారి ఎగతాళి వద్దనుకున్నాడు. పెద్దమనిషి తరహాలో, నిండుగా, దండకు తగినట్టు గీయాలనుకున్నాడు. మొదటి గీత వంకరపోయింది. రెండోది నిలబడింది. ఆ తరవాత చెయ్యి ఆగలేదు. నుదురు, కణతల దగ్గర ముడతలు, చిన్న ముక్కుపుల్ల, కొంచెం తెరుచుకున్న పెదవులు, ఏదో అడిగి జవాబు రానట్టున్న కళ్లు. గీస్తుంటే తెలిసింది, ఆ ముఖం తన దగ్గర ఇన్నేళ్లూ చెక్కుచెదరకుండా ఉందని. తిప్పి మంగయ్య ముందు పెట్టాడు.

మంగయ్య చాలాసేపు చూశాడు. అట్టను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు.

"ఎవరు తమ్మీ గీమె?"

"మీ అవ్వే అన్నా."

"కాదు. ముక్కుపుల్ల అవ్వదే. గని మొకం అవ్వది గాదు. మా అవ్వ గిట్ల ఎన్నడు లేదు. గీ మొకం నేను ఎరుగ."

ఎట్లా ఎరుగుతాడు? ఆ రోజు అతను ఆమె వెనక ఉన్నాడు. అద్దం ఇవతల ఉన్నది కృపాకర్ ఒక్కడే.

ఇంకో అట్ట తీశాడు. చీరల గుట్ట, గొంగడి, ఎత్తిన కర్ర, బొచ్చెడంత నోరు, బండి చక్రమంత ముక్కుపుల్ల. కళ్లు మూసుకున్నా వచ్చే బొమ్మ. సగం గీసేసరికే మంగయ్య పకపకా నవ్వాడు. "గిది అవ్వ! గిదిర మా అవ్వ! గిట్లనే నోరు తెరిచి మంద మీద అరిచేది!" అని నవ్వుతూ నవ్వుతూనే కౌంటరు మీద తల పెట్టి బావురుమన్నాడు. చీరలు చూస్తున్నవాళ్లంతా ఇటు తిరిగారు.

కింద గొర్రెలు వేయకుండా ఆపబోయాడు కృపాకర్.

"ఉండనియ్యి తమ్మీ. గొర్రెలు లేకుండ అవ్వ ఎట్లుంటది?"

వేశాడు. బక్క గొర్రెను కూడా వేశాడు. అట్ట చేతికి ఇస్తూ, "అన్నా, గా నాడు..." అన్నాడు.

మంగయ్య అట్టను కండువాలో చుట్టుకున్నాడు. "గా నాడు నాకు గూడ నవ్వొచ్చింది తమ్మీ" అన్నాడు చిన్నగా. "నా మొకం గిట్లుంటదా అని అవ్వ అడిగితే ఎందుకు పలుకలేదనుకున్నవ్? నోరు తెరిస్తే నవ్వు బయటపడ్తదని మూసుకున్న. ఇగ దేవుడు గూడ అడగొద్దు నన్ను గా మాట." వెళ్లిపోయాడు.

మేడం మెట్లు దిగి వచ్చింది. అరవలేదు. "అంతా పైనుంచి చూస్తూనే ఉన్నాను కృపాకర్. అట్టల మీద గీతలు, కస్టమర్ల మధ్యలో ఏడుపులు. ముందే చెప్పానుగా నీకు. రేపట్నుంచి రాకు" అంది. కౌంటరు మీద మిగిలిన అట్టను తిప్పి చూసి, ఎందుకో వెంటనే బోర్లా పెట్టేసింది. "ఇది కూడా తీసుకుపో. ఇక్కడుంచకు."

తీసుకున్నాడు. చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకుని నడిచాడు. ఎండ ఇంకా వాలలేదు. ఆ వేళకు ఇంటికి పోవడం అతనికి కొత్త. ఇప్పుడు ఏ ఊరికి పోవాలి, ఎవరి కొట్టు గడప ఎక్కాలి, మంచంలో ఉన్న నాయనకు ఏం చెప్పాలి, ఒక్కటీ తోచలేదు. బొమ్మలన్నీ కాలువలో పోయాయి, పని పోయింది, చివరికి ఒంటికి అంటుకుని ఈ ఒక్కటి మిగిలింది. దీన్ని కొడుకు తీసుకోలేదు, మేడం ఉంచుకోలేదు. ఎక్కడైనా పారేద్దామంటే చెయ్యి రాలేదు.

రాణి గుమ్మంలో వెలుతురుకు కూర్చుని ఫాల్ కుడుతున్నది. అతన్ని చూసి సూది ఆపింది. ఆ వేళప్పుడు ఎందుకు వచ్చాడో ముఖం చూడగానే తెలుసుకుంది కాబోలు. అతను చొక్కా లోంచి అట్ట తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుడు గీసిన కొత్త బొమ్మ ఆమె చూడటం అదే మొదలు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది.

"ఎవరీ అవ్వ?"

"ఉప్పలమ్మ అని... కొట్టుకు వచ్చేది."

"పాపం, గీమెను ఎవరో అనరాని మాటన్నట్టున్నరు" అంది రాణి. "ఎవరన్నరు?"

కృపాకర్ చెప్పాలని నోరు తెరిచాడు. మాటకు బదులు ఏదో చప్పుడు వచ్చింది. గోడ పట్టుకున్నాడు. రాణి కంగారుపడి ఒళ్లోని చీర పక్కకు తోసి, గుమ్మంలో అతనికి చోటు చేసింది.

"కాళ్లు గుంజుతున్నయా? జర కూసో" అంది.

పొద్దున్నుంచి నిలబడ్డ మనిషి. అయినా ఆ మాట విన్నాక కృపాకర్ కూర్చోలేకపోయాడు.